కుక్కల ఇన్‌ఫ్లూయెంజా: పుట్టుక, వ్యాప్తి, నివారణ

కుక్కల ఇన్‌ఫ్లూయెంజా అనేది ఇన్‌ఫ్లూయెంజా-ఎ వర్గపు వైరస్ వల్ల కుక్కల శ్వాసమార్గానికి సోకే అంటువ్యాధి. వాడుకలో దీన్ని డాగ్ ఫ్లూ అంటారు. కుక్కల నుంచి కుక్కలకు నిలకడగా పాకిన రకాలు ఇప్పటివరకు రెండు. గుర్రాల నుంచి వచ్చిన హెచ్3ఎన్8 మొదటిది. దీన్ని 2004లో అమెరికాలో గుర్తించారు. రెండోది పక్షుల నుంచి వచ్చిన హెచ్3ఎన్2. ఇది 2000వ దశకం మధ్యలో దక్షిణ కొరియా, చైనాల్లో బయటపడింది. రేబిస్, డిస్టెంపర్ వంటి పాత జబ్బులతో పోలిస్తే ఇది ఇటీవలి వ్యాధి. వైరస్ మరో జంతువు నుంచి కుక్కలోకి దూకడం ప్రకృతిలో జరిగిన సంఘటన. ఆ తర్వాత అది ఊళ్లు, దేశాలు దాటడానికి మాత్రం కుక్కలను గుంపులుగా ఉంచి, దూరాలకు తరలించిన మనుషుల అలవాట్లే కారణం. కాబట్టి దీన్ని ఆపడం కూడా చాలావరకు మనుషుల చేతిలోనే ఉంది.

వైరస్ స్వభావం

ఇన్‌ఫ్లూయెంజా-ఎ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది వేర్వేరు ముక్కలుగా ఉంటుంది. వైరస్ పైపొరపై రెండు రకాల ప్రోటీన్లు ముళ్లలా పొడుచుకొని ఉంటాయి. హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ కణానికి అతుక్కొని లోపలికి దారి చేస్తుంది. న్యూరమినిడేజ్ అనేది కొత్తగా తయారైన వైరస్‌లను కణం నుంచి విడిపించి బయటికి పంపుతుంది. ఈ రెండింటి రకాలను బట్టే హెచ్, ఎన్ అక్షరాల పక్కన అంకెలు వేస్తారు.

కణం ఉపరితలంపై ఉండే సియాలిక్ ఆమ్లపు అణువులకు వైరస్ అతుక్కుంటుంది. పక్షుల, గుర్రాల వైరస్‌లు ఇష్టపడే తరహా అణువులు కుక్క శ్వాసనాళపు పొరలోనూ ఉన్నాయి. ఆ వైరస్‌లు కుక్కలో నిలదొక్కుకోగలగడానికి ఇదొక ముఖ్య కారణం. ఒకే కణంలోకి రెండు రకాల ఫ్లూ వైరస్‌లు చేరితే వాటి జన్యుముక్కలు కలగాపులగమై కొత్త రకం పుట్టవచ్చు. శాస్త్రవేత్తలు కుక్కల ఫ్లూపై ఓ కన్నేసి ఉంచడానికి కారణం ఇదే.

పూర్వరంగం

కుక్కలకు ఫ్లూ ఉందని తెలియడానికి చాలా ముందే, ఫ్లూ పరిశోధనకు కుక్కల జబ్బు ఒకటి దారి చూపింది. 1920వ దశకంలో బ్రిటన్‌లో డిస్టెంపర్ వ్యాధి కుక్కలను విపరీతంగా చంపేది. దాని అంతు చూడడానికి ‘ద ఫీల్డ్’ పత్రిక పాఠకుల నుంచి చందాలు పోగుచేసింది. ఆ డబ్బు ఆసరాతో లండన్ శివారులోని మిల్‌హిల్ పరిశోధనా క్షేత్రంలో ప్యాట్రిక్ లెయిడ్‌లా, జార్జ్ డంకిన్ పనిచేశారు. ముంగిసలా కనిపించే ఫెర్రెట్ అనే చిన్న జంతువుకు డిస్టెంపర్ సులువుగా సోకుతుందని గమనించి, వాటి సాయంతో టీకా తయారుచేశారు. 1933లో లెయిడ్‌లా, విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్ కలిసి ఫ్లూ రోగి గొంతు పుక్కిలించిన నీటిని అవే ఫెర్రెట్లకు ఎక్కించారు. అవి జబ్బుపడ్డాయి. మనిషి ఫ్లూకు కారణం వైరస్ అని అలా రుజువైంది.

ఆ తర్వాత ఏడు దశాబ్దాల పాటు కుక్కకు ఫ్లూ పెద్దగా రాదన్న అభిప్రాయమే చలామణిలో ఉంది. కొన్ని కుక్కల రక్తంలో మనుషుల ఫ్లూకు సంబంధించిన యాంటీబాడీలు అప్పుడప్పుడు కనిపించినా, ఒక కుక్క నుంచి మరో కుక్కకు వ్యాధి పాకిన దాఖలా దొరకలేదు. ఈలోగా 1963లో ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీలో గుర్రాలకు హెచ్3ఎన్8 ఫ్లూ సోకినట్టు తేలింది. అది క్రమంగా ప్రపంచమంతటా గుర్రాల్లో స్థిరపడింది. నాలుగు దశాబ్దాల తర్వాత కుక్కల్లోకి దూకినది ఈ వైరసే.

ఫ్లోరిడా, 2004

2004 జనవరిలో ఫ్లోరిడాలోని ఒక పందెపు మైదానంలో గ్రేహౌండ్ జాతి కుక్కలు 22 ఒక్కసారిగా జబ్బుపడ్డాయి. వాటిలో 14 కుక్కలు జ్వరంతో, దగ్గుతో కొన్నాళ్లు బాధపడి కోలుకున్నాయి. మిగిలిన 8 చనిపోయాయి. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో రక్తస్రావం కనిపించింది. అప్పటిదాకా కుక్కల దగ్గు అనగానే వైద్యులకు గుర్తొచ్చేది ‘కెన్నెల్ కాఫ్’ అనే మామూలు అంటు దగ్గు. అది పరుగు పందేలకు తయారైన దృఢమైన కుక్కలను ఇలా చంపదు.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన సిండా క్రాఫర్డ్ చనిపోయిన కుక్కల నమూనాలను కార్నెల్ విశ్వవిద్యాలయంలోని ఎడ్వర్డ్ డుబోవీ ప్రయోగశాలకు పంపారు. ఒక కుక్క ఊపిరితిత్తుల కణజాలం నుంచి వైరస్ పెరిగింది. అది ఇన్‌ఫ్లూయెంజా అని తేలడంతో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం శాస్త్రవేత్తలు కూడా చేతులు కలిపారు. జన్యుక్రమం గుర్రాల హెచ్3ఎన్8తో 96 శాతానికి పైగా సరిపోయింది. గుర్రాల వైరస్ ఏ ఇతర వైరస్‌తోనూ జన్యువులు కలుపుకోకుండా, మొత్తంగా కుక్కలోకి వచ్చేసిందన్నమాట. ఈ పరిశోధన 2005లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. నిల్వ ఉంచిన పాత రక్త నమూనాలను తిరిగి పరీక్షిస్తే, 1999 నాటికే కొన్ని గ్రేహౌండ్లకు ఈ వైరస్ తగిలిన ఆనవాళ్లు దొరికాయి.

పందెపు కుక్కలను ఒక మైదానం నుంచి మరో మైదానానికి ట్రక్కుల్లో తిప్పుతుంటారు. వైరస్ కూడా వాటితోపాటే ప్రయాణించింది. 2004 జూన్, ఆగస్టు మధ్య 6 రాష్ట్రాల్లో 14 మైదానాలకు, 2005 జనవరి, మే మధ్య 11 రాష్ట్రాల్లో 20 మైదానాలకు జబ్బు చేరింది. అక్కడి నుంచి నగరాల్లోని జంతు సంరక్షణ శాలలకు, యజమానులు కుక్కలను తాత్కాలికంగా వదిలివెళ్లే బోర్డింగ్ కేంద్రాలకు, పెంపుడు కుక్కలకు పాకింది.

బ్రిటన్‌లో 2002లోనే కొన్ని వేట కుక్కలకు హెచ్3ఎన్8 సోకిందని ఆ తర్వాత నమూనాలను పరీక్షించి నిర్ధారించారు. 2007లో ఆస్ట్రేలియాలో గుర్రాలకు ఫ్లూ వచ్చినప్పుడు, వాటి దగ్గర మసలిన కుక్కలకూ అంటింది. ఈ రెండు చోట్లా వైరస్ కుక్కల్లో నిలవలేదు. అమెరికాలో మాత్రం కొత్త కుక్కలు నిత్యం వచ్చిపడే పెద్ద సంరక్షణ శాలలే దానికి ఆశ్రయమయ్యాయి. అలాంటి చోట్ల తప్ప బయట అది ఎక్కువ కాలం మనుగడ సాగించలేకపోయింది. క్రమంగా తగ్గుతూ 2010వ దశకం రెండో సగానికి అమెరికాలో కనుమరుగైంది.

ఆసియాలో రెండో వైరస్

2007లో దక్షిణ కొరియాలో తీవ్రమైన శ్వాసకోశ వ్యాధితో వచ్చిన కుక్కల నుంచి హెచ్3ఎన్2 వైరస్‌ను వేరుచేశారు. 2008లో ‘ఎమర్జింగ్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్’ పత్రికలో ఆ వివరాలు వెలువడ్డాయి. దాని జన్యువులన్నీ పక్షుల వైరస్‌లవే. కోళ్లు, బాతుల పచ్చిమాంసాన్ని కుక్కలకు మేపడం వల్ల ఇది దాటి ఉండవచ్చని పరిశోధకులు భావించారు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో 2006లో సేకరించిన నమూనాల్లోనూ ఇదే వైరస్ కనిపించింది. 2012లో థాయ్‌లాండ్‌లో బయటపడింది. కొరియాలో పిల్లులకూ అంటింది. హెచ్3ఎన్8కు, దీనికి ఇదొక ముఖ్యమైన తేడా. పిల్లి ఉన్న ఇంట్లో కుక్క దగ్గుతుంటే రెండింటినీ కాచుకోవాల్సి ఉంటుంది.

షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా

2015 వసంతంలో షికాగో నగరంలో దగ్గే కుక్కలతో పశువైద్యశాలలు కిక్కిరిశాయి. మొదట అందరూ పాత హెచ్3ఎన్8 అనే అనుకున్నారు. ఏప్రిల్‌లో కార్నెల్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలు అది ఆసియా నుంచి వచ్చిన హెచ్3ఎన్2 అని తేల్చాయి. వెయ్యికి పైగా కుక్కలు జబ్బుపడ్డాయి. బోర్డింగ్ కేంద్రాలు, కుక్కల డేకేర్లు తాత్కాలికంగా మూతపడ్డాయి. వైరస్ కొరియా రకానికి చాలా దగ్గరగా ఉండడంతో, ఆ ప్రాంతం నుంచి తెచ్చిన కుక్కల ద్వారానే వచ్చి ఉంటుందన్న అభిప్రాయం బలపడింది.

2017లో జార్జియా, ఫ్లోరిడా రాష్ట్రాల్లో జరిగిన డాగ్ షోలకు వెళ్లొచ్చిన కుక్కల్లో మళ్లీ బయటపడింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన కుక్కలు ఒకేచోట రెండు మూడు రోజులు గడిపి, ఇంటికి పోతూ పోతూ వైరస్‌ను మోసుకుపోయాయి. 2021లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో వెయ్యికి పైగా కేసులు నమోదయ్యాయి. కోవిడ్ ఆంక్షలు సడలి బోర్డింగ్, డేకేర్ కేంద్రాలు తిరిగి నిండుతున్న రోజులవి.

ఒంటారియో చూపిన దారి

ఈ చరిత్రలో గట్టిగా గుర్తుంచుకోవలసిన ఘట్టం కెనడాలోని ఒంటారియో రాష్ట్రానిది. 2017 డిసెంబరు చివర ఆసియా నుంచి తెచ్చిన కుక్కల ద్వారా అక్కడికి హెచ్3ఎన్2 చేరింది. 2018 అక్టోబరు నాటికి 104 కుక్కలకు సోకినట్టు నిర్ధారణ అయింది. వాటిలో 2 చనిపోయాయి. కుక్కలను గుంపుగా ఉంచే కెన్నెళ్లు, ఒక పశువైద్యశాల వ్యాప్తికి కేంద్రాలయ్యాయి.

గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ వీస్ తదితర పశువైద్య నిపుణులు, ప్రజారోగ్య సిబ్బంది కలిసి మూడు పనులు చేశారు. అనుమానం ఉన్న ప్రతి కుక్కకూ పరీక్ష చేయించారు. దానితో కలిసి మెలిగిన కుక్కలన్నిటినీ వెతికి పట్టుకొని పరీక్షించారు. సోకిన కుక్కలను 28 రోజులు విడిగా ఉంచమని యజమానులను ఒప్పించారు. వ్యాప్తి అక్కడితో ఆగింది. కొత్త మందు ఏదీ కనిపెట్టకుండానే, యజమానుల సహకారంతో ఒక వైరస్‌ను ఒక ప్రాంతం నుంచి పూర్తిగా తొలగించగలిగారు.

ఇతర ఫ్లూ రకాలు

కుక్కల్లో స్థిరపడకుండా అప్పుడప్పుడు సోకే రకాలు మరికొన్ని ఉన్నాయి. 2009లో ప్రపంచాన్ని చుట్టిన హెచ్1ఎన్1, అంటే స్వైన్ ఫ్లూ, కొన్ని కుక్కలకు మనుషుల నుంచే అంటింది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతపు పెంపుడు కుక్కల్లో పందుల నుంచి వచ్చిన ఫ్లూ రకాలు, వాటి కలగలుపు రకాలు ఉన్నట్టు 2018లో వెలువడిన పరిశోధన తెలిపింది.

బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1 సంగతి మరింత తీవ్రమైనది. 2004లో థాయ్‌లాండ్‌లోని సుఫన్‌బురి ప్రాంతంలో, జబ్బుతో చచ్చిన బాతులను తిన్న ఒక కుక్క చనిపోయింది. 2023లో ఒంటారియోలో అడవి బాతు జాతి పక్షిని నమిలిన పెంపుడు కుక్క కూడా అలాగే మరణించింది. తెలుగువారికి ఈ ముప్పు దూరపు సంగతి కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 నిర్ధారణ అయింది. ఫారాల దగ్గర చచ్చిన కోళ్లను పొలం గట్ల మీద, కాలువల్లో పారేస్తే మొదట వాటిని లాక్కెళ్లేవి కుక్కలే. అలాంటి కోళ్లను లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. పెంపుడు కుక్కకు కోడి వ్యర్థాలను పచ్చిగా పెట్టకూడదు. పెడితే బాగా ఉడికించి పెట్టాలి.

లక్షణాలు

వైరస్ సోకిన 2 నుంచి 4 రోజుల్లో జబ్బు బయటపడుతుంది. ఇది కొత్త వ్యాధి కావడంతో, టీకా వేయని, ఇంతకుముందు సోకని కుక్కలకు సహజ రక్షణ ఉండదు. అన్ని జాతులకూ, అన్ని వయసులకూ, అన్ని రుతువుల్లోనూ రావచ్చు. సోకిన కుక్కల్లో సుమారు 80 శాతం లక్షణాలు చూపుతాయి. మిగిలినవి పైకి బాగున్నట్టే ఉంటూ వైరస్‌ను వెదజల్లుతాయి.

మామూలు రూపంలో దగ్గు, ముక్కు కారడం, తుమ్ములు, కళ్ల నుంచి నీరు, నలత, తిండి మానేయడం, ఒక మోస్తరు జ్వరం ఉంటాయి. దగ్గు 10 నుంచి 30 రోజులు వేధిస్తుంది. మొదట పలుచగా కారే ముక్కు, బ్యాక్టీరియా తోడైతే చిక్కబడి పసుపుపచ్చగా, ఆకుపచ్చగా మారుతుంది. తీవ్రరూపంలో జ్వరం 104 నుంచి 106 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పోయి న్యుమోనియా వస్తుంది. మరణాల రేటు 10 శాతం లోపే. చిన్న కూనలకు, ముసలి కుక్కలకు, పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ప్రమాదం ఎక్కువ.

ఇంట్లో చూసుకోదగ్గ గుర్తు ఒకటి ఉంది. కుక్క నిద్రపోతున్నప్పుడు దాని డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నిద్రలో ఈ లెక్క సాధారణంగా 30 దాటదు. అంతకు మించి పెరుగుతూ పోతున్నా, మెడ చాచి మోచేతులు ఎడంగా పెట్టి డొక్కలు ఎగరేస్తున్నా, చిగుళ్లు నీలిరంగుకు తిరిగినా అది మామూలు దగ్గు కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిర్ధారణ

దగ్గును బట్టి ఫ్లూ అని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. బోర్డెటెల్లా బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లూయెంజా, అడినోవైరస్, డిస్టెంపర్ కూడా ఇలాగే మొదలవుతాయి. ముక్కులో, గొంతులో దూది పుల్లతో తుడిచి తీసిన నమూనాకు పీసీఆర్ పరీక్ష చేయడం నమ్మకమైన పద్ధతి. లక్షణాలు మొదలైన తొలి నాలుగు రోజుల్లోపు తీస్తేనే ఫలితం బాగుంటుంది. ఆ తర్వాత వైరస్ పరిమాణం తగ్గిపోయి, జబ్బు ఉన్నా పరీక్షలో లేనట్టు రావచ్చు. ఆలస్యమైనప్పుడు రెండు మూడు వారాల ఎడంతో రెండుసార్లు రక్తం తీసి యాంటీబాడీలు పెరిగాయేమో చూస్తారు.

చికిత్స

వైరస్‌ను నేరుగా చంపే మందు కుక్కలకు వాడుకలో లేదు. విశ్రాంతి, సరిపడా నీళ్లు, మెత్తని ఆహారం, జ్వరానికి వైద్యుడు రాసిన మందు ఇవే చికిత్స. బ్యాక్టీరియా తోడైనప్పుడు యాంటీబయాటిక్స్ ఇస్తారు. న్యుమోనియా వస్తే సెలైన్, ఆక్సిజన్ అవసరమవుతాయి. చాలా కుక్కలు రెండు మూడు వారాల్లో కోలుకుంటాయి. మెడకు పట్టీ కట్టి లాగితే దగ్గు రేగుతుంది కాబట్టి, ఆ రోజుల్లో ఛాతీకి కట్టే హార్నెస్ మేలు.

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు, మనుషుల జ్వరం మాత్ర విరిచి కుక్కకు వేయడం. పారాసెటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయం దెబ్బతింటుంది. పిల్లికైతే చిన్న ముక్క కూడా ప్రాణాంతకం. ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను చెడగొడుతుంది. వైద్యుడిని అడగకుండా ఏ మాత్రా వేయకూడదు.

టీకా

హెచ్3ఎన్8 టీకాకు అమెరికా వ్యవసాయ శాఖ 2009లో షరతులతో అనుమతి ఇచ్చింది. షికాగో అనుభవం తర్వాత 2015 నవంబరులో హెచ్3ఎన్2 టీకాకు, 2016లో రెండింటికీ కలిపి పనిచేసే టీకాకు అనుమతులు వచ్చాయి. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, ఆ తర్వాత ఏడాదికొకసారి వేస్తారు. ఈ టీకా వ్యాధిని పూర్తిగా అడ్డుకోదు. జబ్బు తీవ్రతను, వైరస్ వెదజల్లే కాలాన్ని తగ్గిస్తుంది. అందుకే దీన్ని అన్ని కుక్కలకూ కాకుండా షోలకు, బోర్డింగ్‌కు, డేకేర్‌కు వెళ్లే కుక్కలకు సూచిస్తారు.

మన దగ్గర కుక్కలకు మామూలుగా వేయించే సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ టీకాల్లో ఉండేది పారాఇన్‌ఫ్లూయెంజా. అది వేరే కుటుంబపు వైరస్. ఆ టీకా ఎంతో అవసరమైనదే అయినా ఫ్లూ నుంచి రక్షణ ఇవ్వదు. కుక్కతో విదేశాలకు వెళ్లేవారు, అమెరికాలో స్థిరపడి కుక్కలను పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలు ఈ తేడాను పశువైద్యుడితో మాట్లాడి తెలుసుకోవడం మంచిది.

నివారణ

ఈ వైరస్ దగ్గు, తుమ్ముల తుంపరలతోనే కాక, పళ్లేలు, గొలుసులు, పరుపులు, బట్టలు, చేతుల ద్వారా కూడా పాకుతుంది. గట్టి ఉపరితలాలపై సుమారు 48 గంటలు, బట్టలపై 24 గంటలు, చేతులపై 12 గంటలు బతికుంటుంది. అయితే సబ్బుకూ, బ్లీచింగ్ ద్రావణానికీ సులువుగా లొంగిపోతుంది. జబ్బు కుక్కను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కొని, బట్టలు మార్చుకొనే రెండో కుక్క దగ్గరికి వెళ్లాలి. దాని గిన్నె, పరుపు వేరుగా పెట్టాలి.

హెచ్3ఎన్2 సోకిన కుక్క మూడు వారాలకు పైగా వైరస్‌ను వదులుతూ ఉండవచ్చు. దగ్గు తగ్గింది కదా అని పార్కుకు తీసుకెళ్తే, అక్కడి కుక్కలకు అంటించినట్టే. కనీసం 21 నుంచి 28 రోజులు విడిగా ఉంచాలి. ఆసుపత్రికి వెళ్లేముందు ఫోన్ చేసి దగ్గు సంగతి చెప్పాలి. పిలిచేదాకా కుక్కను వరండాలో ఇతర కుక్కల మధ్య కూర్చోబెట్టకుండా బయటే ఉంచాలి. బోర్డింగ్, గ్రూమింగ్ కేంద్రాల వారు దగ్గే కుక్కను చేర్చుకోకూడదు. కొత్తగా తెచ్చిన కుక్కను, ముఖ్యంగా విదేశం నుంచో పెంపక కేంద్రం నుంచో వచ్చినదాన్ని, ఇంట్లోని మిగతా కుక్కలతో వెంటనే కలపకూడదు.

మనుషులకు ముప్పు

కుక్కల హెచ్3ఎన్8, హెచ్3ఎన్2 వైరస్‌లు మనుషులకు సోకినట్టు ఇంతవరకు నమోదు కాలేదు. కాబట్టి భయంతో కుక్కను వీధిలో వదిలేయాల్సిన పని ఎంతమాత్రం లేదు. అయితే చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2023లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కుక్కల్లో తిరుగుతున్న హెచ్3ఎన్2 కాలక్రమంలో మనిషి కణాలకు అతుక్కునే సామర్థ్యాన్ని కొంత పెంచుకుంది. కుక్కల్లో వ్యాప్తిని తగ్గించడం మనుషుల ఆరోగ్యానికీ మేలు చేసే పని.

రెండు దశాబ్దాల ఈ చరిత్రలో వైరస్ గెలిచిన ప్రతిచోటా జబ్బు కుక్కలు మంచి కుక్కలతో కలిసి తిరిగాయి. ఒంటారియోలో అది ఓడినప్పుడు యజమానులు జబ్బు కుక్కలను విడిగా ఉంచారు. మీ కుక్క దగ్గుతుంటే బయటికి తిప్పకండి, సొంత వైద్యం చేయకండి, ముందుగా పశువైద్యుడికి ఫోన్ చేయండి.